దిగుమతి విలువ పెరిగితే న్యూస్‌ప్రింట్ ఎక్కువ వచ్చినట్టేనా?

భారత్, శ్రీలంకల న్యూస్‌ప్రింట్ (పత్రికలు అచ్చువేసే కాగితం) దిగుమతి విలువలను పదేళ్లకు పక్కపక్కన పెడితే, పత్రికలు ఎక్కడ పెరిగాయో ఎక్కడ తగ్గాయో తెలుస్తుందా అని ఒకరు అడిగారు. విలువ ఒక్కటే చూస్తే తెలియదు. పక్కన టన్నులు తప్పనిసరిగా పెట్టుకోవాలి.

నేను విశాఖలో ఒక పత్రిక ప్రింటింగ్ యూనిట్ స్టోర్స్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. పోర్టులో కంటైనర్ దిగిన దగ్గర్నుంచి రీలు (కాగితపు చుట్ట) మెషిన్ ఎక్కేదాకా లెక్క నాదే. 2022లో మా బిల్లులు ఎన్నడూ లేనంత పెరిగాయి, గోడౌన్‌లో రీళ్లు మాత్రం తగ్గాయి. కోవిడ్ కాలంలో విదేశాల్లో చాలా మిల్లులు మూతపడ్డాయి, కొన్ని అట్టపెట్టెల కాగితానికి మారాయి. కంటైనర్ల కిరాయి పెరిగింది. ఆ పైన ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా సరుకు కష్టమైంది. 2020తో పోలిస్తే టన్ను ధర రెండింతలు దాటింది. మేం పేజీలు తగ్గించాం.

లెక్క ఇలా ఉంటుంది. ఒక ఏడు 100 టన్నులు 450 డాలర్ల చొప్పున కొంటే 45,000 డాలర్లు. మరో ఏడు 60 టన్నులే 900 చొప్పున కొంటే 54,000. విలువ 20 శాతం పెరిగింది, కాగితం 40 శాతం తగ్గింది! అందుకే విలువను టన్నులతో భాగించి, ఏ ఏడుకి ఆ ఏడు టన్ను ధర ముందు రాసుకోండి.

శ్రీలంక విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. 2022 మార్చిలో అక్కడ 'ది ఐలాండ్', 'దివయిన' పత్రికలు న్యూస్‌ప్రింట్ దొరక్క అచ్చు సంచికలు ఆపవలసి వచ్చింది. కాగితం లేక పిల్లల పరీక్షలు కూడా వాయిదా పడ్డాయి. అప్పుడు చదివేవాళ్లు ఉన్నారు, కాగితం కొనడానికి దేశంలో డాలర్లు లేవు. అదే అమెరికా లాంటి చోట దిగుమతి గ్రాఫ్ గీత కిందికి దిగిందంటే చాలావరకు పాఠకులు ఫోన్లకు మారినందువల్ల. రెండు గీతలూ ఒకేలా కనిపించినా కారణాలు వేరు. అంకెలు కూడా డాలర్లలోనే చూడండి. శ్రీలంక రూపాయి 2022 మార్చి మొదట్లో డాలరుకు 200 దగ్గర ఉండి, మే నాటికి 350 దాటింది.

దిగుమతి అయినదంతా పత్రికగా మారదు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా గోడౌన్ రేకులు లేచిపోయి రీళ్లు తడిసిపోయాయి. తడిసిన రీలు మెషిన్ మీద తెగిపోతుంది, తుక్కు కింద అమ్మేయాలి. వాటి బదులు మళ్లీ కొన్నాం. ఆ రెండు కొనుగోళ్లూ దిగుమతి లెక్కలోనే ఉన్నాయి. ఆ రీళ్లను బయటికి దొర్లించిన రోజు ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

అంకెల కోసం హెచ్‌ఎస్ కోడ్ (ఎగుమతి, దిగుమతి సరుకులకు వాడే అంకెల గుర్తు) 4801 కింద వెతకండి. మన ప్రభుత్వ పట్టికలు ఎక్కువగా ఏప్రిల్-మార్చి లెక్కలో, ఐక్యరాజ్యసమితి వాణిజ్య లెక్కల పట్టిక కామ్‌ట్రేడ్ వార్షిక అంకెలు జనవరి-డిసెంబరు లెక్కలో ఉంటాయి, కలపకండి. మన దిగుమతి విలువలో ఓడ కిరాయి, బీమా కలిసి ఉంటాయి, కస్టమ్స్ డ్యూటీ ఉండదు. 2019లో వేసిన 10 శాతం డ్యూటీ, 2020లో 5 శాతానికి తగ్గించడం మా జేబుకు బాగా తెలిశాయి గానీ ఆ విలువల్లో నేరుగా కనిపించవు. మన మిల్లుల్లో తయారైన కాగితమూ అందులో రాదు.