బుజ్జమ్మా, ముందు నిమ్మచెట్టు దగ్గర కూర్చో

చి. బుజ్జమ్మకు, మామయ్య ఆశీస్సులు.

కెమెరా కొన్నావనీ, సీతాకోకచిలుకల ఫొటోలకు గుడీ, అడవీ ఉన్న పెంచలకోన పోతానంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! అయితే కోనకు పోయేముందు పదిహేను రోజులు మీ పెరట్లో నిమ్మచెట్టు దగ్గర కూర్చోమ్మా.

లేత చిగుళ్లు ఒక్కొక్కటే చూడు. చిన్న ఆవగింజంత లేతపసుపు సీతాకోకచిలుక గుడ్డు కనిపిస్తుంది. అందులోంచి వచ్చే పురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పక్షులు మోసపోయేది అక్కడే. పెరిగి పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. దాన్ని కదిలిస్తే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికొస్తాయి, ఘాటు వాసన కూడా వస్తుంది. ఆ ఫొటో కోసం పుల్లతో పొడిచేవాళ్లున్నారు. నువ్వు ఆ పని చేయొద్దు. అది భయంతో చేసే పని, తల్లీ.

తొలిరోజుల్లో నేనూ ఒక తప్పు చేశాను. వెనక గోడ బాగా లేదని గూడు కట్టుకున్న పురుగుతో సహా కొమ్మ విరిచి, వెలుతురులో పెట్టి తీశాను. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. సాయంత్రానికి గూటికి చీమలు పట్టేశాయి. ఆ ఫొటో ఇప్పటికీ ఎవరికీ చూపించలేదు. వెనక బాగా లేకపోతే మనం జరగాలి, పురుగును జరపకూడదు.

మన నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో కదా. అవి తగ్గాక, మంచు కురిసే రోజుల్లో కోనకు పో. తెల్లారేసరికి అక్కడుండాలి. ఎండ తగిలి ఒళ్లు వేడెక్కేదాకా తూనీగలు, సీతాకోకచిలుకలు సరిగా ఎగరలేవు. రెక్కల మీద మంచుచుక్కలు కూడా అలాగే ఉంటాయి. ఎండెక్కాక వాగు పక్క తడి ఇసుక చూడు. మగ సీతాకోకచిలుకలు ఉప్పు, ఖనిజాల కోసం అక్కడ గుంపుగా వాలి నీళ్లు పీలుస్తాయి. నీ నీడ వాటి మీద పడకుండా, కింద చూసుకుంటూ మెల్లగా మోకాళ్ల మీద పో. లేచిపోతే వెంటబడొద్దు, కదలకుండా కూర్చుంటే చాలావరకు అక్కడికే వస్తాయి. తూనీగ కూడా అంతే, లేచిన పుల్ల మీదకే మళ్లీ వస్తుంది.

చిన్న పురుగుల్ని పెద్దగా తీసే మాక్రో లెన్స్ కొంటే 100 మిల్లీమీటర్లది కొను, దూరం నుంచే తీయొచ్చు. మరీ దగ్గరగా తీసేటప్పుడు లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్ 11 పెట్టినా ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమే స్పష్టంగా వస్తుంది. అందుకని ఫోకస్ కంటి మీదే ఉండాలి. రెక్కలు ముడిచి వాలితే కెమెరాను రెక్కకు సమాంతరంగా పట్టు. ఫ్లాష్‌కు అడ్డంగా పల్చటి తెల్లకాగితం పెడితే వెలుతురు మెత్తబడుతుంది.

కోన చుట్టూ ఉన్న అడవి అభయారణ్యం. అందులో ఫొటోలు తీయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి కావాలి. గుడికి పోయినట్టు పోయి లోపలికి దూరొద్దు. బూట్లు మర్చిపోవద్దు, రాళ్ల కింద తేళ్లుంటాయి.

నిమ్మచిగురు మీద మొదటి గుడ్డు కనిపించిన రోజు ఫొటో తీసి, తేదీ రాసి నాకు పంపు. కోనకు నేనూ వస్తాను, రాపూరు బస్టాండులో కలుద్దాం.

మీ మామయ్య