డిగ్రీ చివరి ఏడాదిలో సలహా ఎవరిని అడగాలి, ఏమని అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్నారు, ఐదో సెమిస్టర్ మొదలైంది. నాన్నగారు బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు, మేనమామగారు బీఈడీ అంటున్నారు, స్నేహితురాళ్లు ఎంఎస్సీ ఎంట్రన్స్‌కు చదువుతున్నారు, కాలేజీలో నాలుగో ఏడాది ఆనర్స్‌కు ఉండిపొమ్మంటున్నారు. ‘మా కాలేజీలో ఇలాంటివి చెప్పేవాళ్లు లేరు, ఎవరిని అడగాలి?’ అని రాశారు.

చెప్పేవాళ్లు ఉన్నారు. రెండేళ్లుగా మీ ల్యాబ్ రికార్డు దిద్దుతున్న లెక్చరర్ దగ్గరికి ముందు వెళ్లండి. మీ మంచి కోరేవాళ్లు చాలామందే ఉంటారు, కానీ మీరు పని చేస్తుండగా చూసినవాళ్లు ఎంతమంది? నాన్నగారు మీ మార్కులు చూశారు, మీరు ల్యాబ్‌లో బ్యూరెట్ పట్టుకోవడం చూడలేదు. మేనమామగారికి బీఈడీ గురించి తెలుసు, మీరు పక్కన కూర్చున్న అమ్మాయికి ఒక పాఠం అర్థమయ్యేలా చెప్పగలరో లేదో తెలియదు. బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో, ఇటు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ఒక కోచింగ్ సెంటర్‌కు వెళ్లి అడిగితే వాళ్లు తాము నేర్పే పరీక్ష గురించి చెబుతారు. అందులో అబద్ధం ఉండకపోవచ్చు. ఆ పరీక్ష మీకు తగినదా కాదా అన్నది మాత్రం వాళ్లు ఆలోచించే విషయం కాదు.

నేను విజయవాడలో బీఎస్సీ, నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎంఎస్సీ చదివాను. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో, మందుల నాణ్యత పరీక్షించే క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేసి, ఇప్పుడు విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. నా చివరి ఏడాదిలో మా ఇంట్లోనూ ఇదే చర్చ. అందరూ టీచరు ఉద్యోగం వైపే మొగ్గారు. నాకు దారి చూపింది ల్యాబ్ చూసుకునే మా సర్ చెప్పిన ఒక్క మాట. ‘నీ రీడింగులు రెండోసారి చేసినా కలుస్తాయమ్మా. థియరీ పేపర్లో నీకన్నా బాగా రాసేవాళ్లు క్లాసులో ఉన్నారు గానీ, ఈ నిదానం వాళ్లకు లేదు. అనలిటికల్ కెమిస్ట్రీ వైపు, అంటే నమూనాలు పరీక్షించే పని వైపు చూడు.’ మార్కుల మెమోలో ఇది ఎక్కడా ఉండదు. ప్రాక్టికల్స్‌లో అందరికీ దాదాపు ఒకే మార్కులు పడతాయి, బయటివాళ్లకు తేడా తెలియదు. రెండేళ్లపాటు బల్లల మధ్య తిరుగుతూ చూసిన మనిషికే ఆ తేడా తెలుస్తుంది.

కంపెనీలో చేరాక ఆయన మాట ఎంత ఖచ్చితమైనదో అర్థమైంది. క్వాలిటీ కంట్రోల్ అంటే రోజంతా మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు నిలబడి కొత్త సంగతులు కనిపెట్టడం అనుకుంటారు పిల్లలు. అక్కడ సగం పని రాతపనే. ఏ సీసాలోంచి ఎంత తూచాం, ఏ పరికరంలో, ఎన్ని గంటలకు అన్నది అప్పటికప్పుడు రాయాలి. అంకె తప్పుపడితే దానిమీద దిద్దకూడదు. ఒకే గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, సంతకం, తేదీ పెట్టాలి. అమెరికా ఎఫ్‌డీఏ నుంచి తనిఖీకి వచ్చేవాళ్లు ముందు చూసేది ఆ కాగితాలనే. షిఫ్టులు వారం వారం మారతాయి. ఆ నిదానం, ఆ ఓపిక ఉన్నవాళ్లకు అది మంచి ఉద్యోగం, గౌరవంగా ఎదగవచ్చు. లేనివాళ్లకు ఆరు నెలల్లో విసుగు పుడుతుంది. వాళ్లు తెలివి తక్కువవాళ్లేమీ కారు, ఆ పని వాళ్లది కాదు, అంతే. నేను మెంటర్‌గా చూసిన ఒక అమ్మాయి ఆర్గానిక్ కెమిస్ట్రీలో రసాయన చర్యలు జరిగే తీరు (మెకానిజమ్‌లు) కాగితం మీద అద్భుతంగా వేసేది, ల్యాబ్‌లో మాత్రం గడియారం చూసేది. ఖాళీ పీరియడ్‌లో జూనియర్లను కూర్చోబెట్టుకుని చెప్పడమంటే ప్రాణం. ఆమెకు బీఈడీ సరైన దారి అయింది. మీ మేనమామగారి మాటను కొట్టిపారేయకుండా, అది మీ విషయంలో నిజమో కాదో చూసుకోమని ఇది చెబుతున్నాను.

మెంటర్ అన్నాను కదా. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ గుర్తింపు ఉన్న కాలేజీల్లో సాధారణంగా ఒక్కో లెక్చరర్‌కు కొంతమంది విద్యార్థులను అప్పగిస్తారు. మీ పేరు కూడా ఎవరో ఒకరి జాబితాలో ఉండే ఉంటుంది. చాలాచోట్ల అది ఫైల్లోనే ఉండిపోతుంది, పిల్లలకు తమ మెంటర్ ఎవరో కూడా తెలియదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆఫీసులో అడిగి ఆ పేరు కనుక్కోండి. ఆ లెక్చరర్ మీ సబ్జెక్టువారు కాకపోయినా ఫరవాలేదు, కలవండి.

వెళ్లేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లవద్దు. ‘సర్, నేనేం చేస్తే బాగుంటుంది?’ అంటే ఎంత మంచి లెక్చరర్ అయినా ‘కష్టపడి చదువు, ఏదైనా బాగుంటుంది’ అనే చెప్పగలరు. నాలుగు సెమిస్టర్ల మెమోలు, మీ రికార్డు తీసుకెళ్లండి. ఒక తెల్లకాగితం మీద థియరీ మార్కులు ఒక వరుసలో, ప్రాక్టికల్ మార్కులు ఇంకో వరుసలో రాసుకోండి. మైనర్ సబ్జెక్టులో ఏదైనా పేపర్ మిగిలి ఉంటే దాచకండి, అదే ముందు తేలాల్సిన విషయం. తర్వాత అడగండి: ‘నేను ఏ పని చేస్తున్నప్పుడు బాగా చేస్తున్నట్టు మీకు కనిపించింది? ఎక్కడ తడబడ్డాను? మన దగ్గర చదివి ఆ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఒకరి నంబరు ఇప్పించగలరా?’ క్లాసు అయ్యాక కారిడార్‌లో పట్టుకోకుండా, ముందురోజే సమయం అడిగి వెళితే అరగంట కూర్చుని మాట్లాడతారు. లెక్చరర్లకు ఇలాంటి విద్యార్థి రావడమే అరుదు. నా దగ్గరికి ఎవరైనా ఇలా వస్తే ఆ రోజంతా సంతోషంగా ఉంటుంది.

ఆ సీనియర్ నంబరు దొరికితే జీతం గురించి, కంపెనీ గురించి పొగడ్తలో తిట్లో వినడానికి కాదు, వివరాలు తెలుసుకోవడానికి ఫోన్ చేయండి. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారో చెప్పమనండి. చేరిన కొత్తలో కోతలన్నీ పోగా చేతికి ఎంత వచ్చేదో, హాస్టల్‌కు ఎంత పోయేదో అడగండి. తమతోపాటు చేరినవాళ్లలో ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అన్నది తప్పకుండా అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మరెక్కడా దొరకదు. మన కెమిస్ట్రీ పిల్లలు ఉద్యోగాలకు వెళ్లేది ఎక్కువగా మందుల కంపెనీలున్న చోట్లకు: హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్ల, పాశమైలారం, అటు విశాఖ వైపు పరవాడ, అచ్యుతాపురం, ఇంకా పైన పైడిభీమవరం. ఊరు కూడా నిర్ణయంలో భాగమే కాబట్టి దాని గురించి కూడా అడగండి.

ఇక మీ ముందున్న నాలుగు దారులు. వీటిలో ఏది గొప్పదో తేల్చడానికి కూర్చోకండి, ఏది ముందుగా మూసుకుంటుందో చూడండి. బ్యాంకు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. బ్యాంకు నియామక పరీక్షలు నడిపే ఐబీపీఎస్‌లో క్లర్కుకు 28 ఏళ్ల వరకు, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్)కు 30 ఏళ్ల వరకు వయసు ఉంటుంది, ఓబీసీ (నాన్ క్రీమీ లేయర్) వారికి మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు కూడా ఉంది. ఎంఎస్సీ అయ్యాక కూడా ఆ దారి మీకు ఉంటుంది. కెమిస్ట్రీ అలా కాదు. డిగ్రీ తర్వాత రెండు మూడేళ్లు రీజనింగ్, అరిథ్‌మెటిక్ చేస్తూ గడిపి మళ్లీ కెమిస్ట్రీ ఎంట్రన్స్ రాద్దామని నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను. తిరిగి పట్టు దొరకడం చాలా కష్టం, పైగా ఇంట్లో మళ్లీ రెండేళ్ల చదువుకు ఒప్పించాలి. అందుకే కెమిస్ట్రీ మీద మీకు నిజంగా ఇష్టం ఉంటే ఈ ఏడాది ఎంట్రన్స్‌లు రాయండి. బ్యాంకు ఎక్కడికీ పోదు. ఇంట్లో జీతం వెంటనే కావలసిన పరిస్థితి ఉంటే మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు నాన్నగారి మాటే సబబు.

ఐఐటీల్లో ఎంఎస్సీకి జామ్ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరులో మొదలవుతాయి. అంటే మీ చేతిలో ఉన్నది కొద్ది వారాలే. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయవచ్చు. ఇంటర్‌లో గణితం ఉండాలనే షరతు కొన్ని సంస్థల్లో ఉంటుంది కాబట్టి మీది బైపీసీ అయితే ఫీజు కట్టేముందు ఆయా సంస్థల అర్హతలు చదవండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివాటికి సీయూఈటీ పీజీ, మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్ రాయాలి. జామ్‌కు చదివిన చదువు మిగతా రెండింటికీ పనికొస్తుంది, విడివిడిగా చదవనక్కర్లేదు. బీఈడీకి ఎడ్‌సెట్ ఎప్పుడైనా రాయవచ్చు. అయితే ప్రభుత్వ టీచరు ఉద్యోగమే లక్ష్యమైతే 2018 డీఎస్సీ తర్వాత పెద్ద నియామకం 2025లో, 16,347 పోస్టులతో జరిగిందన్నది మనసులో ఉంచుకోండి. మధ్యలో ఏళ్లు గడిచిపోతాయి, ఆ కాలం ఎలా నెట్టుకొస్తారో ముందే అనుకోవాలి.

నాలుగో ఏడాది గురించి. యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల ఆనర్స్ చేసినవాళ్లకు పీజీ ఒక ఏడాదే ఉండవచ్చు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నేరుగా పీహెచ్‌డీకి కూడా అర్హులు. పరిశోధన మీద మనసున్నవాళ్లకు ఇది మంచి అవకాశమే. కానీ మీ కాలేజీలో అడగాల్సినవి ఉన్నాయి. నాలుగో ఏడాదికి అనుమతి వచ్చిందా, కనీసం ఎంతమంది చేరితే నడుపుతారు, ప్రాజెక్టు ఎవరి దగ్గర చేయాలి, దానికి తగిన పరికరాలు ల్యాబ్‌లో ఉన్నాయా? వీటికి స్పష్టమైన జవాబులు రాకపోతే మూడేళ్లకు బయటికి వచ్చి రెండేళ్ల ఎంఎస్సీ మంచి చోట చేయడమే మేలని నా అభిప్రాయం.

ఐదు, ఆరు సెమిస్టర్లలో ఒకదానిలో మీకు ఇంటర్న్‌షిప్ ఉంటుంది. డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకునే పద్ధతి ఒకటి మన దగ్గర వ్యాపించింది. దయచేసి ఆ పని చేయకండి. నీటి పరీక్షలు చేసే ల్యాబ్ అయినా, మిర్చి నమూనాలు పరీక్షించే ల్యాబ్ అయినా, గుంటూరులో వెతికితే దొరుకుతుంది. రోజూ ఒకే పరీక్ష చేస్తూ నెల గడిపితే ఆ పని మీదా కాదా అన్నది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇంటర్వ్యూలో కూడా అడిగేది దాని గురించే.

నాన్నగారి సంగతి వదిలేయలేదు. ఆయన భయం బ్యాంకు గురించి కాదు, మీరు దూరం వెళ్లాక ఏం జరుగుతుందో అని అనిపిస్తోంది. ఒక పనిరోజున ఆయనను వెంటబెట్టుకుని విజయవాడ బస్సెక్కి నాగార్జున యూనివర్సిటీ దగ్గర దిగండి. కెమిస్ట్రీ విభాగం చూపించండి, అక్కడ చదువుతున్న అమ్మాయిలతో, వీలైతే హాస్టల్ వార్డెన్‌తో మాట్లాడనివ్వండి. మీ లెక్చరర్‌కు అభ్యంతరం లేకపోతే నాన్నగారితో ఫోన్‌లో ఒకసారి మాట్లాడించండి. కూతురు చెప్పినప్పుడు వినని తండ్రులు, పాఠం చెప్పిన మనిషి చెబితే వినడం చాలాసార్లు చూశాను.

ఈలోగా పదో తరగతి మెమోలో, ఆధార్‌లో మీ పేరు, ఇంటిపేరు ఒకే రకంగా ఉన్నాయేమో చూడండి. తేడా ఉంటే దరఖాస్తులు మొదలయ్యేలోపే సరిచేయించుకోండి. సెమిస్టర్ల వారీగా మార్కులు, ఇంటర్‌లో మీ గ్రూపు ఏమిటో రాస్తే ఎంట్రన్స్‌ల విషయంలో ఇంకొంచెం వివరంగా చెప్పగలను.