పాటలు ఫోన్‌లో ఉన్నాయి, మరి అట్టలు?

ప్రశ్న: నాన్నగారు పోయాక పాత ఇల్లు ఖాళీ చేస్తున్నాం. రెండు పెట్టెల నిండా క్యాసెట్లు, కొన్ని ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు), సీడీలు ఉన్నాయి. టేప్‌రికార్డర్ ఎప్పుడో మూలపడింది. పాటలన్నీ యాప్‌లలో దొరుకుతున్నాయి కదా, పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేద్దామంటున్నారు ఇంట్లో. కనీసం కవర్లయినా దాచుకోవచ్చా? – తెనాలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా దాచుకోండి. ప్లాస్టిక్ పోయినా ఫర్వాలేదు కానీ కాగితాన్ని మాత్రం వదలొద్దు.

పాట దొరకడం ఇప్పుడు కష్టం కాదు. దాని వివరాలు దొరకడమే కష్టం. యాప్‌లో ఏదైనా పాత తెలుగు సినిమా ఆల్బమ్ తెరిచి చూడండి. సంగీత దర్శకుడు, గాయకుల పేర్లు ఉంటాయి. పాట రాసినవారి పేరు చాలాసార్లు కనిపించదు. ఒకే సినిమాకు ముగ్గురు నలుగురు కవులు రాయడం మనకు మామూలే కాబట్టి, ఏ పాట ఎవరిదో ఊహించి చెప్పలేం. ఏడాది సంగతి మరీ ఘోరం. 1970ల నాటి పాటకు ఒక్కోసారి 2000 తర్వాతి సంవత్సరం వేసి ఉంటుంది. అది డిజిటల్‌గా విడుదలైన ఏడాది.

ఇప్పుడు మీ పెట్టెలోంచి ఒక క్యాసెట్ తీసి, అందులోని ఇన్‌లే కార్డు (డబ్బాలో ఉండే మడత కాగితం) మడతలు విప్పండి. ఏ సైడు, బీ సైడు పాటలు వరసగా ఉంటాయి. చాలా కార్డుల్లో ఒక్కో పాట పక్కన పాడినవారు, రాసినవారు ఉంటారు. అంచున క్యాటలాగ్ నంబరు (ఆ క్యాసెట్‌కు కంపెనీ ఇచ్చిన నంబరు), ఆ దగ్గర్లోనే సున్నాలో పీ అక్షరం, ఓ సంవత్సరం కనిపిస్తాయి. ఆ పీ గుర్తు రికార్డింగ్ హక్కులది. దాని పక్కనుండేది ఆ రికార్డింగ్ మొదట విడుదలైన ఏడాది. సున్నాలో సీ ఉంటే అది కవర్ మీది బొమ్మకు, రాతకు సంబంధించింది. రెండు ఏళ్లకూ మధ్య బాగా తేడా ఉంటే, చాలావరకు పాత పాటల్నే కొత్త కవర్‌తో మళ్లీ వేశారని అర్థం. ఇంత సమాచారం అంత చిన్న కాగితంలో ఉంటే, దాన్ని చెత్తలో వేయడానికి నాకైతే మనసొప్పదు.

ఎల్పీ అట్టలది ఇంకో విలువ. 1940 ప్రాంతంలో అమెరికాలో కొలంబియా రికార్డ్స్ డిజైనర్ అలెక్స్ స్టైన్‌వైస్ ఆల్బమ్‌ల మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టేదాకా రికార్డులు ఎక్కువగా సాదా అట్టల్లోనే వచ్చేవి. 12 అంగుళాల ఆ జాగా 1982లో సీడీ వచ్చాక 12 సెంటీమీటర్లయింది. ఫోన్‌లో బొటనవేలంత. మన దగ్గర కంప్యూటర్ ఫాంట్లు రాకముందు సినిమా పేర్లను ఆర్టిస్టులు చేత్తో రాసేవారు. ఆ అక్షరాల ఒంపులు చూడాలంటే అట్టే కావాలి.

అన్నీ మోయమని చెప్పను. పగిలిన సీడీ డబ్బాలు, రోడ్డు పక్కన కొన్న ‘150 పాటల’ ఎంపీ3 సీడీలు వదిలేయండి. ఎల్పీని, దాని అట్టను మాత్రం విడదీయకండి. అట్ట లేని రికార్డుకు విలువ బాగా పడిపోతుంది. ఇంకో మాట. హరికథలు, బుర్రకథలు, నాటక పద్యాల క్యాసెట్లు అన్నీ యాప్‌లకు ఎక్కి ఉండకపోవచ్చు. చేత్తో పేరు రాసిన క్యాసెట్లలో మీ ఇంట్లోవాళ్ల గొంతులు ఉండొచ్చు. ఈ రెండు రకాలూ విని, డిజిటల్ చేయించాకే ఏదైనా నిర్ణయం తీసుకోండి.

ప్రశ్న: కవర్లను ఫోన్‌తో ఫొటో తీస్తే చాలా, స్కానర్ కావాలా?

జవాబు: ఇన్‌లే కార్డులకు, సీడీ బుక్‌లెట్లకు స్కానరే మేలు. 600 డీపీఐ (బొమ్మ ఎంత వివరంగా రావాలో చెప్పే సెట్టింగ్) పెట్టండి. ఇళ్లలో ఉండే ప్రింటర్ కమ్ స్కానర్లలో ఎక్కువ వాటికి అద్దానికి ఆనుకున్నదే స్పష్టంగా వస్తుంది, పైకి లేచిన మడత మసకబారుతుంది. అందుకే కార్డును ముందురోజు రాత్రి లావుపాటి పుస్తకం కింద ఉంచండి. రంగుల్లో చుక్కలు, అలల్లాంటి గీతలు వస్తే స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో ‘డీస్క్రీన్’ అనే ఆప్షన్ వాడొచ్చు. కానీ అది లేని కాపీ కూడా ఒకటి ఉంచుకోండి.

ఎల్పీ అట్ట ఒక్కో వైపు సుమారు 31 సెంటీమీటర్లు. ఏ4 స్కానర్‌లో పొడవూ పట్టదు, వెడల్పూ పట్టదు. నాలుగు ముక్కలుగా తీసి ‘హగిన్’ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అతికించాలి. అంత ఓపిక లేకపోతే ఫోన్ చాలు. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ ఆపేసి, కాస్త దూరం నుంచి నిటారుగా తీయండి. దగ్గరికెళ్తే అంచులు వంగిపోతాయి.

తీసిన బొమ్మల్ని విడి ఫోల్డర్‌లో వదిలేస్తే ఏదో ఒకరోజు పోతాయి. ‘ఎంపీ3ట్యాగ్’ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో, డిజిటల్ చేయించిన పాట ఫైల్లోనే చేర్చండి. ముందు అట్ట, వెనక అట్ట రెండూ చేర్చవచ్చు. గీత రచయిత పేరు నింపే చోటు కూడా ఉంది, ఖాళీగా వదలకండి.

ప్రశ్న: పాడవకుండా కవర్లన్నిటికీ ల్యామినేషన్ చేయిద్దామనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: వద్దండీ, దయచేసి ఆ పని చేయకండి. వేడితో జిగురు కాగితంలోకి దిగిపోతే మళ్లీ ఊడదీయలేం. సెల్లోటేపు కూడా కొన్నేళ్లకు పచ్చబడి మరక వదులుతుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన కవర్లలో పెట్టండి. వాసన కొట్టే మెత్తటి పీవీసీ కవర్లు ఇంకుకు అతుక్కుపోతాయి. కలరా ఉండలు అసలు వేయొద్దు, వాటి ఆవిరి సీడీ డబ్బాల ప్లాస్టిక్‌ను దెబ్బతీస్తుంది. బదులుగా సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో మార్చుతూ ఉండండి. ఎల్పీలను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. స్లాబ్ కింది అటక మీద వద్దు, ఎండాకాలం ఆ వేడికి రికార్డులు వంగిపోతాయి. పడకగది బీరువాలో కింది అర సరిపోతుంది.