ఏటికొప్పాకలో గ్యాలరీ పెడతానన్న మేనకోడలికి

చిరంజీవి చిట్టితల్లికి, విశాఖపట్నం నుంచి పెద్దత్త ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి ఏటికొప్పాకలో లక్క బొమ్మల గ్యాలరీ పెడతానంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. కోపంగానే మొదలుపెట్టాడు గానీ, "దానికన్నీ నీ పోలికలే అక్కా" అనేసరికి వాడి గొంతు మెత్తబడింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మురిపెం ఎంతుందో భయమూ అంతే ఉంది.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. అద్దె కాగితం రాయించుకో. 2022లో జిల్లాలు విడదీశాక ఆ ఊరు అనకాపల్లి కిందికి వెళ్ళింది, కలెక్టరాఫీసు పనులకి అక్కడికే వెళ్ళాలి. 2017లో ఏటికొప్పాక బొమ్మకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ పేరుతో ఇంకెక్కడిదో బొమ్మ నీ అరలో కనపడకూడదు. 2021 నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కేంద్ర హస్తకళల శాఖలో నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది. మధ్యలో కొని అమ్మే నీకు అదెలా వర్తిస్తుందో తలుపు తెరవకముందే కనుక్కో.

వెనకగదిలో కర్ర తిప్పే లేతు మిషను పెట్టి, బొమ్మ ఎలా పుడుతుందో వచ్చినవాళ్ళకి చూపిస్తావట. మంచి ఆలోచన. తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనించగానే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పరుచుకోవడం, మొగలాకుతో రుద్దగానే నిగనిగలాడడం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ తల్లీ, చున్నీ వేసుకున్నవాళ్ళనీ, జడ వదిలేసిన పిల్లలనీ ఆ లేతు దగ్గరికి రానివ్వకు. నడుమెత్తు కంచె కట్టించు, స్విచ్చి పనివాడి చేతికి అందేచోట పెట్టించు. గ్యాలరీ అందం పాడవుతుందని ఎవరన్నా అంటే నా పేరు చెప్పు. నువ్వు కూడా చున్నీ ముడేసుకునే తిరగాలి, మాట ఇవ్వు.

అసలు ఈ ఉత్తరం రాసింది మా బావగారి కొట్టు సంగతి చెప్పడానికి. నువ్వప్పటికి పుట్టలేదు. మా ఊళ్ళో పెద్ద రోడ్డు మీద, పడమటి ముఖంగా, నిలువెత్తు అద్దంతో కొట్టు పెట్టారాయన. కుంకుమ భరిణెలు, లక్క పిడతలు, బొంగరాలు అన్నీ ఆ అద్దం వెనకే. సరుకుకి ముందు డబ్బివ్వరు, అమ్ముడైతేనే ఇస్తారు. సరుకు బాగా కదిలే కొట్టు కదా అని ఏటికొప్పాక వాళ్ళు ఒప్పుకున్నారు. ఎండాకాలం వచ్చింది. ఈ బొమ్మలకి వేసే, చెట్లనుంచి తీసిన రంగులకి ఎండ పడదు, అందులో పసుపు మరీ త్వరగా వెలుస్తుంది. రెండు నెలలకే భరిణెలు పాలిపోయాయి. ఆయన వాటిని గోనెలో కట్టించి, "నీ రంగు నిలవలేదు" అని చేసినాయనకే తిప్పి ఇచ్చేశారు. పెద్దాయన, మా నాన్న వయసువాడు. ఒక భరిణె తీసి మూత తిప్పి చూశాడు. లోపల రంగు కొత్తగానే ఉంది. ఆ మూత మా బావగారికి చూపించనైనా లేదు, గోనె భుజాన వేసుకుని బస్సుకి వెళ్ళిపోయాడు. తర్వాత ఆ ఊరినుంచి ఒక్క బొంగరం కూడా మా కొట్టుకి రాలేదు. ఎంత అడిగినా "కర్ర లేదండి" అనేవారు. కొట్టు ఇంకొన్నాళ్ళు నడిచింది, ఆపైన మూతపడింది.

అందుకని నువ్వు సరుకు దింపుకున్న రోజే డబ్బిచ్చెయ్. అంత పెట్టుబడి లేకపోతే తక్కువ సరుకు పెట్టు, సగం అరలు ఖాళీగా ఉన్నా నష్టం లేదు. నీ దగ్గరికొచ్చాక రంగు వెలిసినా, పగులు పట్టినా ఆ నష్టం నీదే. పచ్చి కర్రతో చేసిన బొమ్మ తర్వాత పగులుతుంది, ఆరిన కర్రేనా అని కొనేముందే అడుగు. చేసినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరు బొమ్మ పక్కన రాయి, నీ గ్యాలరీ పేరుకంటే పెద్ద అక్షరాల్లో.

ఈ చెట్ల రంగుల పనికే ఆ ఊరి సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి ఊళ్ళో కొట్టు తెరుస్తున్నావని తలుచుకుంటే నాకెంత గర్వంగా ఉందో ఉత్తరంలో రాయలేను. వేళకి తింటున్నావా? మీ నాన్నతో రోజూ మాట్లాడు, వాడు పైకి చెప్పడు గానీ నీ ఫోను కోసం చూస్తుంటాడు.

హుద్‌హుద్‌ తుఫానుకి మన మేడ మీది రేకులు ఎగిరిపోయిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు గ్యాలరీకి చూసిన ఇంటి కప్పు ఏమిటో, అద్దాలు ఏ దిక్కున ఉన్నాయో ఫొటోలు తీసి పంపు. అవి చూసి నేను ఫోను చేసేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ పెద్దత్త