మూసీ ఒడ్డున నలుగురినీ కూర్చోబెట్టేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

హైదరాబాద్‌లో మూసీ నది గురించి బొమ్మలు, పాటలు, ముచ్చట్లు కలిపి చాదర్‌ఘాట్ దగ్గర ఒక కార్యక్రమం పెడదామని నువ్వూ నీ జట్టూ అనుకుంటున్నారని తెలిసి చాలా సంతోషమేసింది. ముందు ఒక సంగతి తేల్చుకోండి. అక్కడ చెప్పాల్సినవాళ్లు ఒడ్డున ఉండే బస్తీవాళ్లు, వినాల్సినవాళ్లు మీరు. వేదిక, మైకు, ముఖ్య అతిథి వచ్చాయంటే ఈ వరస తిరగబడుతుంది. ఆ మూడూ వద్దు.

బస్తీకి వెళ్లే ముందు అక్కడి భయం తెలుసుకుని వెళ్లండి. 2024 సెప్టెంబరులో అధికారులు, నదీగర్భంలో ఉన్నాయంటూ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని గుర్తులు వేశారు. ఆ తర్వాత కొన్ని ఇళ్లు కూల్చారు కూడా. కాబట్టి 'సర్వే' అన్న మాట నోట రానీయకండి. ఫారాలు, కొలిచే టేపు, ఇళ్ల ఫొటోలు ఏవీ వద్దు. బొమ్మల్లో ఇంటి నంబరు గానీ పేరు గానీ పడకూడదు. గోడ మీద ఎర్ర రంగు అసలే వాడకండి. కరపత్రంలో 'సుందరీకరణ', 'ప్రక్షాళన' అని రాస్తే, ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చారనుకుని తలుపులు వేసేస్తారు. మొదటి రెండు సార్లు కెమెరా లేకుండా ఇద్దరే వెళ్లండి, అందులో ఉర్దూ మాట్లాడే ఆడపిల్ల ఒకరుండాలి. కిరాణా కొట్టు, అంగన్‌వాడీ టీచరు, మసీదు కమిటీ, గుడి పెద్దలు, ఈ నలుగురికీ తెలిస్తే బస్తీ అంతటికీ తెలిసినట్టే. కరపత్రం ఒకే కాగితం మీద తెలుగు ఒకవైపు, ఉర్దూ ఒకవైపు వేయించండి. ఛత్తాబజార్‌లో రెండూ చక్కగా వేస్తారు. ఉర్దూని యంత్రంతో అనువదించి అచ్చుకిస్తే మొదటి వాక్యంలోనే పరువు పోతుంది.

జులై నుంచి అక్టోబరు దాకా ఒడ్డు మీద ఏదీ పెట్టొద్దు. ఎగువన ఉన్న రెండు జలాశయాల్లో హిమాయత్‌సాగర్ పూర్తి మట్టం 1763.5 అడుగులు, ఉస్మాన్‌సాగర్‌ది 1790. మట్టం అక్కడికి దగ్గరపడితే గేట్లెత్తుతారు. ఆ నీరంతా చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ మీదుగానే పోవాలి. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. చలికాలం తెల్లవారుజామున గాలి కదలదు, వాసన కిందే నిలిచిపోతుంది. సాయంత్రం చీకటి పడితే దోమలు కూర్చోనివ్వవు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర మధ్య ముగించేయండి. శుక్రవారం వద్దు, రంజాన్ నెల సాయంత్రాలు వద్దు. ఆ వీధికి నల్లా నీళ్లు ఏ రోజు వస్తాయో అడిగి ఆ రోజు కూడా వదిలేయండి. నీళ్లొచ్చే రోజు ఆడవాళ్లు ఇల్లు కదలలేరు, వాళ్లు లేకపోతే ముచ్చట సగానికి సగం పోతుంది.

వచ్చేవాళ్లు నలభై మంది దాటితే వినడం సాగదు. ఎనిమిదేసి మందిని ఒక వలయంగా కూర్చోబెట్టండి. వలయానికి మాట నడిపేవారొకరు, రాసుకునేవారొకరు, సమయం నలభై నిమిషాలు. జంబుఖానాలు పరిచినా, మోకాళ్ల నొప్పులవాళ్లకు పది కుర్చీలు ఉంచండి. 'మూసీ మీద మీ అభిప్రాయమేంటి' అని అడిగితే పేపర్లో చదివిందే తిరిగి చెబుతారు. చేతికి ఏదైనా ఇచ్చి అడగాలి. రెండు మీటర్ల వెదురు కర్ర తీసుకుని పది సెంటీమీటర్లకొక గాటు పెట్టండి. గాట్లు లేకపోతే దారం జారిపోతుంది. 2000 ఆగస్టు వరదకు నీలం, 2020 అక్టోబరు వరదకు పసుపు దారం ఇచ్చి, ఇంట్లోకి నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అక్కడ కట్టమనండి. ఎత్తు గడప నుంచి లెక్కపెట్టాలని ముందే చెప్పండి. ఒకరు వీధి నుంచి, ఒకరు మంచం నుంచి కొలిస్తే దారాలకు పొంతన ఉండదు. దారం కట్టే చేతికి కథ దానంతటదే వస్తుంది. అది చెబుతున్నప్పుడు అడ్డు తగలకుండా ఉండడమే నడిపేవారి పని.

బొమ్మల సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువ పాడయ్యేది అక్కడే. అనంతగిరి కొండల నుంచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా మూసీ పొడవు దాదాపు 240 కిలోమీటర్లు. పది కిలోమీటర్లకు మీటరు చొప్పున గుడ్డ మీద గీస్తే 24 మీటర్లవుతుంది, కానీ అందులో నగరానికి దక్కేది రెండు మీటర్లే. నలభై మంది ఆ రెండు మీటర్ల మీదే పడతారు. అందుకే బాపూఘాట్ నుంచి నాగోల్ దాకా ఉన్న మేరకే ఎనిమిది మీటర్ల గుడ్డ తీసుకోండి. కోరా గుడ్డకు గంజి ఉంటుంది, రంగు పట్టదు. రాత్రంతా నానబెట్టి, ఉతికి, ఆరాక ఇస్త్రీ చేయాలి. పోస్టర్ రంగులు తడి తగిలితే కారిపోతాయి, బట్టలకు వాడే రంగులే కొనండి. రంగు కిందికి దిగి నేలకు అంటుతుంది, అడుగున పాత పేపర్లు రెండు మూడు వరసలు పరవండి. ఒక రోజంతా ఆరనిచ్చి వెనకవైపు ఇస్త్రీ చేస్తే రంగు నిలుస్తుంది.

మీరు ముందుగా గీయాల్సింది నది గీత, వంతెనలు అంతే. పురానాపూల్, ముస్లింజంగ్ పూల్, నయాపూల్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్. ఈ వరస తప్పితే పెద్దలు దిద్దుతూనే కూర్చుంటారు. మిగతాదంతా వాళ్లనే గీయనివ్వండి. నదిలో ఏరిన చెత్తతో బొమ్మ చేద్దామని మీవాళ్లు తప్పకుండా అంటారు. ఒప్పుకోవద్దు. సూదులుంటాయి, ఆ నీళ్లలో ఫ్యాక్టరీల మురుగు కూడా ఉంటుంది. మట్టి కావాలంటే కుమ్మరి దగ్గర కొనండి.

నడక కూడా పెడితే, ఉస్మానియా దవాఖాన ఆవరణలో ఉన్న చింతచెట్టు దగ్గర మొదలుపెట్టండి. 1908 సెప్టెంబరు 28 వరదలో దాని కొమ్మలెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, రెండు జలాశయాలూ కట్టారు. దవాఖాన రోగులున్న చోటు. పదిహేను మందికి మించకుండా, ముందే అనుమతి తీసుకుని, డప్పులూ నినాదాలూ లేకుండా వెళ్లండి.

ఒగ్గు కథ కళాకారులను పిలిస్తే ఇరవై అయిదు నిమిషాలు చాలు. ముచ్చట అయ్యాకే పెట్టండి. ముందు పెడితే జనం ప్రేక్షకులైపోతారు, తర్వాత నోరు విప్పరు. పిలిచిన కళాకారులకు, చాకలి పనివాళ్లకు, దిగువన గడ్డి కోసి పశువుల మేతకు అమ్మేవాళ్లకు ఆ పూట కూలి ముందే మాట్లాడి చేతికివ్వండి. వాళ్లకు పూట పోవడమంటే మాటలు కాదు.

మాటలు రికార్డు చేయాలంటే ఒక్కొక్కరినీ విడిగా అడగండి, అందరిలో అడిగితే వద్దనలేరు. పదిహేను రోజుల్లోపు ఆ గుడ్డను అదే వీధిలో కట్టి, ఎవరు చెప్పింది వాళ్లకు చదివి వినిపించండి. వద్దన్నది అప్పుడే తీసేయండి. ప్రదర్శనలకు పంపడం ఆ తర్వాతి మాట, అదీ బస్తీవాళ్లు సరేనంటేనే. గుడ్డను మడతపెడితే రంగు పగులుతుంది, గొట్టానికి చుట్టి అంగన్‌వాడీలో గానీ వాళ్లు చెప్పిన ఇంట్లో గానీ ఉంచండి.

తేదీ ఖాయం చేసే ముందు పోలీసు స్టేషన్‌లో లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆ కాగితం నకలు దగ్గరుంచుకో.

నీ పెద్దమ్మ