రికార్డు ప్లేయరును ల్యాప్‌టాప్‌కు కలిపితే గుయ్యిమని మోత. చార్జరు ఎర్త్ పిన్ను తీసేయమంటున్నారు, తీయవచ్చా?

తీయకండి. పిన్ను పీకితే మోత పోతుందని మీకు చెప్పినవారిది అబద్ధం కాదు, కొన్ని ఇళ్లలో నిజంగానే పోతుంది. కానీ లోపల ఏ తీగో తెగి పైడబ్బాకు తగిలితే 230 వోల్టులు నేరుగా మీ చేతికే వస్తాయి. వానాకాలంలో గచ్చు కూడా చెమర్చే మన గోదావరి ప్రాంతంలో ఆ ప్రయోగం అసలే వద్దు.

నరసాపురంలో మా నాన్నగారి నాటక పద్యాల ఎల్పీలను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు నాకూ ఇదే తుమ్మెద రొద. మూడు ఆదివారాలు తిన్నది.

ముందు ముల్లును రికార్డుకు తగలనివ్వకుండా వినండి. అప్పుడూ మోత ఉంటే అది కరెంటుదే. ముల్లు దించితేనే వస్తే మోటారు అదురో, స్పీకరు అదురో అయి ఉంటుంది. ఆ తర్వాత ముల్లును మోసే లోహపు చేతిని వేలితో తాకండి. మోత తగ్గినా పెరిగినా ఎర్త్ తీగనే అనుమానించాలి.

నాకు సగం దొంగ అక్కడే దొరికాడు. ప్లేయరు వెనుక నుంచి వచ్చే సన్నని ఎర్త్ తీగ ప్రీయాంప్ (ప్లేయరు ఇచ్చే బలహీనమైన ధ్వని సంకేతాన్ని పెంచే పెట్టె) మరకు బిగించే ఉంది, పైకి ఏ లోపమూ లేదు. విప్పి చూస్తే కొసనున్న కొక్కెం నిండా పచ్చని చిలుము! ఉప్పుగాలి ఊళ్లలో ఇది మామూలే. రాగి మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించాను. ఇంత చిన్నదానికి అంత మోతా అనకండి. మామూలు కార్ట్రిడ్జి (ముల్లు కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) ఇచ్చేది 5 మిల్లీవోల్టుల లోపే. ప్రీయాంప్ దాన్ని సుమారు 100 రెట్లు పెంచుతుంది. పైగా రికార్డు కోసేటప్పుడు తగ్గించిన మంద్రాన్ని తిరిగి లేపాలి కనుక, 50 హెర్ట్జ్ దగ్గర దాన్ని ఇంకో 7 రెట్లు పెంచుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌లోనే కదా!

మిగతా సగం చార్జరుది. ఆంప్లిఫయరు ఒక గోడ సాకెట్‌లో, ల్యాప్‌టాప్ ఎదురుగోడ సాకెట్‌లో ఉండేవి, రెండూ మూడు పిన్నులవే. ఆ రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న కొద్దిపాటి తేడా వల్ల ఆడియో కేబులు పైఅల్లిక గుండా కరెంటు పారుతుంది, అదే మోత. చార్జరు పీకగానే గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఎల్పీ ఒక పక్క 20 నిమిషాలకు కాస్త అటూ ఇటూ, అంతసేపు బ్యాటరీ ఆగుతుంది. మీ బ్యాటరీ ఆగకపోతే రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే ప్రీయాంప్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు (రెండు వైపుల తీగలు కలవకుండానే ధ్వనిని దాటించేది) పెట్టాలి. ప్రీయాంప్‌కు ముందు మాత్రం పెట్టకూడదు.

స్టెబిలైజరును ప్లేయరుకు దూరంగా జరపండి. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకుందంటే రికార్డింగు ఆపేయడమే నయం, మా ఇంట్లో అయితే గుయ్ కాస్తా జుర్రుమనే రొద అవుతుంది. ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుదీ అదే తీరు.

ఆడాసిటీలో (రికార్డు చేసిన ధ్వనిని సరిదిద్దే కంప్యూటర్ ప్రోగ్రాం) 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర ధ్వనిని తగ్గించేయడం చివరి మార్గం. తొందరపడి నేను అదే ముందు చేశాను. మోతతోపాటు తబలా బరువూ పోయి, డబ్బా మీద కొట్టినట్టయింది. అలా చేసిన రెండు ఎల్పీలనూ మళ్లీ మొదటినుంచి ఎక్కించాల్సి వచ్చింది.