పైథాన్‌లో వేరియబుల్ అంటే ఏమిటో మేనకోడలికి

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

‘లెక్క = లెక్క + 1’ అని ఎలా రాస్తారు, ఏ సంఖ్య అయినా తనకంటే ఒకటి ఎక్కువ ఎలా అవుతుంది అని నీవు ఫోనులో అడిగావు. బడిలో గణితం శ్రద్ధగా చదివినవాళ్లకే ఈ సందేహం వస్తుంది. గణితంలో = గుర్తు రెండువైపులా సమానమని చెబుతుంది. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో మాత్రం ముందు కుడివైపు ఉన్నదాన్ని లెక్కగట్టి, వచ్చిన విలువకు ఎడమవైపు ఉన్న పేరు పెట్టమనే ఆజ్ఞ అది. అందుచేత ఆ వరుసను కుడి నుంచి ఎడమకు చదవడం అలవాటు చేసుకో. సమానమా కాదా అని అడగవలసినప్పుడు ఆ గుర్తునే రెండుసార్లు, == అని రాయాలి.

వేరియబుల్‌ను, అంటే విలువకు పెట్టే ఆ పేరును, డబ్బాతో పోల్చి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నాకు ఆ పోలిక నచ్చదు. దామలచెరువు మండీలో ఒక మామిడి క్రేటుకు పేరు రాసి చీటీ కట్టారనుకో. ఆ చీటీని విప్పి మరో క్రేటుకు కట్టవచ్చు, ఒకే క్రేటుకు రెండు చీటీలూ కట్టవచ్చు. వేరియబుల్ ఆ చీటీ, క్రేటు కాదు.

నేర్చుకునే రోజుల్లో నేను ఒక వ్యాపారికి ఇలా లెక్క రాసిచ్చాను:

ధర = 400
క్రేట్లు = 12
మొత్తం = ధర * క్రేట్లు
ధర = 450

బేరంలో ధర పెరిగినా మొత్తం 4800 దగ్గరే నిలిచిపోయింది. పక్కనే ఉన్న రైతు నోటిలెక్క వేసి, 5400 రావాలి కదా అన్నాడు. ‘మొత్తం’ అనే పేరు ఆనాటి విలువకు కట్టిన చీటీయే తప్ప, ఆ విలువ ఎలా వచ్చిందో దానికి గుర్తుండదు. ఎక్సెల్‌లో అయితే ధర మార్చగానే మొత్తం మారుతుంది; ఇక్కడ గుణకారం వరుసను మళ్లీ నడిపించాలి.

అసలు చిక్కు లిస్టుల దగ్గర, అంటే పలు విలువలను ఒకచోట పెట్టే జాబితాల దగ్గర, వస్తుంది. కింద మామిడి రకాల జాబితా ఒకటి చూడు.

సరుకు = ["బెంగళూరా", "బేనీషా"]
నకలు = సరుకు
నకలు += ["నీలం"]

ఇప్పుడు ‘సరుకు’ను అచ్చువేసి చూస్తే అందులోనూ నీలం కనిపిస్తుంది, ఎందుకంటే రెండో వరుసలో తయారైనది కొత్త లిస్టు కాదు, ఉన్న లిస్టుకే కట్టిన రెండో చీటీ. మూడో వరుసను ‘నకలు = నకలు + ["నీలం"]’ అని రాస్తే కొత్త లిస్టు పుడుతుంది, ‘సరుకు’ చెక్కుచెదరదు. నిజమైన నకలు కావాలంటే మొదటే ‘నకలు = సరుకు[:]’ అని రాయి. ఈ తేడా నీ చేతులతో టైపు చేసి చూడనిదే మనసుకు పట్టదు. పైథాన్ 3 తెలుగు పేర్లను అంగీకరిస్తుంది కనుక వీటిని ఇలాగే నడిపించవచ్చు. కాలేజీ రికార్డులో మాత్రం ఇంగ్లీషు పేర్లే వాడు.

కుడివైపు పేరు తప్పు రాస్తే నేమ్‌ఎర్రర్, అంటే ఆ పేరు తెలియదనే తప్పు సందేశం, వచ్చి నిన్ను ఆపుతుంది. ఎడమవైపు తప్పు రాస్తే పైథాన్ ఏమీ అనకుండా కొత్త పేరు పుట్టిస్తుంది, కాబట్టి అక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇన్‌పుట్‌తో, అంటే ఎదుటివారు టైపు చేయగా, తీసుకున్న 12 కూడా సంఖ్య కాదు, అక్షరాల వరుస. ఇంట్ అనే ఆజ్ఞతో సంఖ్యగా మార్చకుండా 400తో గుణిస్తే 12 అనే అక్షరాలే నాలుగు వందలసార్లు వస్తాయి.

‘అ, ఆ = ఆ, అ’ అని ఒక్క వరుస రాస్తే రెండు విలువలూ తారుమారవుతాయి. అది ఎలా కుదురుతుందో ఆదివారం ఫోను చేసినప్పుడు నీవే నాకు చెప్పాలి.

నీ మామ